అది జానపదం కాదు, గోరఖ్ పాండే పాట

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో బ్యాండ్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో ‘ఇండియన్ ఓషన్’ గురించి నాలుగు పేరాలున్నాయి. పాతికేళ్లుగా ఆ బ్యాండ్‌ను వింటున్నవాణ్ని కాబట్టి ముందు ఆ నాలుగు పేరాలు చదువుకుని, తర్వాత మిగతా వ్యాసం దగ్గరకు వెళ్లాను. రెండు చోట్ల పెన్సిలుతో గీతలు గీయాల్సి వచ్చింది. ‘ఈ తరహా బ్యాండ్లలో వాయిద్యాల హోరే తప్ప సాహిత్యం తక్కువ’ అన్నది మొదటిది. అది మీ వ్యాసకర్త అభిప్రాయం. ఒప్పుకోను గానీ, అలా అనే హక్కు ఆయనకుంది. రెండోది అభిప్రాయం కాదు. ఆ బ్యాండ్ పాడే ‘హిల్లేలే’ పాటను ‘భోజ్‌పురి జానపద గీతం’ అని రాశారు. అది తప్పు. ఆ తప్పు నేనూ చాలా ఏళ్లు చేశాను, అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. ఓపిక పట్టండి.

నేను రైల్వేలో బ్రిడ్జి ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. సంగీతం నేర్చుకోలేదు. హిందీ కూడా బడిలో వచ్చింది కాదు, పట్టాల పనిచేసే గ్యాంగుల మధ్య తిరిగి, క్యాంపుల్లో రొట్టెలు పంచుకుని తిని నేర్చుకున్నది. 2000లో ‘కండీసా’ ఆల్బమ్ వచ్చినప్పుడు మా తమ్ముడు క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. గిటారుకి పక్కన తబలా ఏమిటి, డ్రమ్ముల మీద ఈ ఆలాపన ఏమిటి అని మొదట నవ్వుకున్న మాట నిజం. ఆ క్యాసెట్ టేపు సాగిపోయి, గొంతులు లావైపోయేదాకా విన్న మాటా నిజమే. దీన్ని ఫోక్ రాక్ అనేవాళ్లున్నారు, ఫ్యూజన్ అనేవాళ్లున్నారు. పేరు ఏదైనా నాకు ఇబ్బంది లేదు.

మీ వ్యాసంలో లేని నాలుగు వివరాలు చెప్పి అసలు విషయానికి వస్తాను. 1990లో ఢిల్లీలో గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి కలిసి ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. తర్వాత బాస్ గిటారుతో రాహుల్ రామ్, డ్రమ్ములతో అమిత్ కిలామ్ వచ్చి చేరారు. అషీమ్ 2009 డిసెంబర్‌లో పోయారు. సుస్మిత్ 2013లో బయటికి వెళ్లిపోయారు. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్‌లో పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి వచ్చి, నర్మద మీద పెద్ద ఆనకట్టలకు ఎదురు నిలిచిన నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్లు పనిచేసిన మనిషి. ‘మా రేవా’ పాట ఆ నది ఒడ్డు నుంచే బ్యాండ్‌లోకి వచ్చింది. రేవా అంటే నర్మదే.

ఇక ‘హిల్లేలే’ సంగతి. ‘జనతా కే చలే పల్టనియా, హిల్లేలే ఝక్‌ఝోర్ దునియా’ అని పల్లవి. పల్టన్ అంటే మన పటాలమే. జనం పటాలం కట్టి కదిలితే ప్రపంచం దడదడలాడి ఊగిపోతోందని. మీరు ఒక్కసారి విన్నా చాలు, కాలు ఊరుకోదు. మా క్యాంపులో ఒక పెద్దాయన రిటైర్మెంటు రోజున మేం నలుగురం కలిసి ఇదే పాడాం. పాడబోయే ముందు మైకు పట్టుకుని ‘ఇప్పుడు ఒక భోజ్‌పురి జానపద గీతం’ అని చెప్పింది నేనే. పాట అయ్యాక, ఉత్తరప్రదేశ్‌లోని బలియా వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర కీమ్యాన్, అంటే రోజూ పట్టాలు తనిఖీ చేసే పనివాడు, ప్లేటులో లడ్డూ పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ‘సాబ్, యే లోక్‌గీత్ నహీ హై. గోరఖ్ పాండే కా హై’ అన్నాడు. జానపదం కాదు, గోరఖ్ పాండేది అని. గోరఖ్ పాండే ఎవరు అన్నాను. ఆ కుర్రాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ‘మీరు వేమన ఎవరు అని అడిగినట్టుంది సాబ్’ అనే అర్థం అందులో ఉంది. నోటితో మాత్రం అనలేదు, మర్యాదస్తుడు.

గోరఖ్ పాండే ఉత్తరప్రదేశ్‌లోని దేవరియా జిల్లా మనిషి. తత్వశాస్త్రం చదివారు. 1985లో జన సంస్కృతి మంచ్ అనే సాంస్కృతిక సంఘం ఏర్పడినప్పుడు దానికి మొదటి ప్రధాన కార్యదర్శి. హిందీలో వచన కవితలు రాస్తూనే, ఊళ్లలో సభల్లో పాడుకోవడానికి భోజ్‌పురిలో పాటలు కట్టారు. మానసిక అనారోగ్యంతో చాలాకాలం బాధపడి, 1989 జనవరిలో ఢిల్లీలోని జేఎన్‌యూ విశ్వవిద్యాలయం హాస్టల్లో తన ప్రాణం తానే తీసుకున్నారు. పట్టుమని నలభై అయిదేళ్లు కూడా లేవు. ఆయన పాట ఊళ్ల నోళ్లలో నాని, అక్కడి నుంచి బ్యాండ్ నోటికి వచ్చి, చివరికి మా రిటైర్మెంటు సభలోకి వచ్చేసరికి పేరు ఎక్కడో జారిపోయింది.

మనకిది కొత్త సంగతి కాదు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ వంగపండు ప్రసాదరావు గారి పాట. ఆ మాటలు 2009లో ఒక పెద్ద సినిమాలో వినపడినప్పుడు మా ఇంట్లో పిల్లలు ‘ఏదో పాత పల్లెపాట’ అనుకున్నారు. అప్పటికి వంగపండు గారు గజ్జె కట్టి ఆడుతూనే ఉన్నారు! ఒక పాట జానపదమైపోయిందంటే కవికి అంతకన్నా గౌరవం ఏముంటుంది అని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదం సగమే నచ్చుతుంది. జనం మర్చిపోతే అది గౌరవమేమో. పత్రిక మర్చిపోతే మాత్రం బద్ధకం. కటువుగా అన్నానేమో, మన్నించండి.

సాహిత్యం తక్కువ అన్నదానికి ఇప్పుడు జవాబు చెబుతాను. ‘ఝీనీ’ అని ఈ బ్యాండ్‌దే ఇంకో పాట ఉంది. కబీర్ ‘ఝీనీ రే ఝీనీ బీనీ చదరియా’ పదం మీద కట్టుకున్నది. ఝీనీ అంటే పల్చని, సన్నని. చాలామంది ‘సున్నితమైన’ అని అనువదిస్తారు గానీ మనకు చక్కటి మాట ఉంది కదా, జిలుగు. జిలుగు దుప్పటి. ‘కాహే కా తానా, కాహే కీ భరనీ’ అంటే దేని పడుగు, దేని పేక అని అడుగుతున్నాడు. యోగులు చెప్పే ఇడా పింగళా నాడులే పడుగూ పేకా, సుషుమ్న నూలు, అయిదు తత్వాలు, మూడు గుణాలు, నెయ్యడానికి పది నెలలు. అమ్మ కడుపులో బిడ్డ తయారవడాన్ని మగ్గం మీద పెట్టి చూపిస్తున్నాడు, ఎందుకంటే ఆయన నేతగాడు. దేవతలూ మనుషులూ మునులూ అందరూ ఈ దుప్పటి కప్పుకుని మాపు చేశారట. కబీరు మాత్రం జాగ్రత్తగా కప్పుకుని, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే మడత పెట్టి తిరిగి అప్పజెప్పాడట.

ఈ పదాన్ని పెద్ద పెద్ద గాయకులు పాడగా విన్నాను. వాళ్ల పాటలో ఆ దుప్పటిని తిరిగి ఇచ్చేయడం వినపడుతుంది, శాంతం. ఈ బ్యాండ్ పాడితే నాకు నెయ్యడం వినపడింది. తబలా డ్రమ్ముల మధ్య గిటారు అటూ ఇటూ పోయి వస్తుంటే మగ్గం మీద నాడె ఆడుతున్నట్టే ఉంటుంది. ఇది నా చెవి భ్రమ అంటారా, అనండి. సాహిత్యం తెలియనివాళ్లు వాయించే వాయిద్యం అలా ఉండదని మాత్రం గట్టిగా చెబుతాను.

కబీర్ దగ్గర ఇంకో తెలివి ఉంది. ‘దాస్ కబీర్’ అని తన పేరును దుప్పటి అంచులోనే నేసేశాడు. త్యాగరాజు తన ముద్ర పెట్టుకున్నట్టు, వేమన ‘వినుర వేమ’ అన్నట్టు. పాట ఎన్ని నోళ్లు మారినా, ఎన్ని గిటార్లు తగిలినా చివరికి వచ్చేసరికి కవి పేరు పలకక తప్పదు. ఆ ముద్ర పెట్టుకోని కవుల సంగతే చిక్కు. గోరఖ్ పాండే పెట్టుకోలేదు. గజల్ కవులకు చివరి షేర్‌లో, అంటే చివరి రెండు పంక్తుల్లో, పేరు పెట్టుకునే అలవాటుంది, కానీ మధ్యలోంచి ఒక్క షేర్ విడిగా బయటికొస్తే దాని వెంట పేరు రాదు. ఆ ఒక్క షేర్ దగ్గరే నేను ఎక్కువసేపు ఆగబోతున్నాను.

2015లో ‘మసాన్’ అని వారణాసి నేపథ్యంగా ఒక సినిమా వచ్చింది, దర్శకుడు నీరజ్ ఘేవాన్. సంగీతం ఇండియన్ ఓషన్, పాటలు ఎక్కువగా వరుణ్ గ్రోవర్‌వి. అందులో ఒక పాట మొదలే ఇలా ఉంటుంది: ‘తూ కిసీ రైల్ సీ గుజర్తీ హై, మై కిసీ పుల్ సా థర్‌థరాతా హూ’. ఆమె రైలు, తను వంతెన అంటున్నాడు ప్రేమికుడు. ఈ రెండు పంక్తులు హిందీ కవి దుష్యంత్ కుమార్‌వి. 1975లో వచ్చిన ‘సాయే మే ధూప్’ సంపుటిలోని గజల్‌లో ఉన్నాయి. వాటిని గుమ్మంగా పెట్టుకుని మిగతా ఇల్లు గ్రోవర్ తనే కట్టుకున్నారు. అదే సినిమాలోని ‘మన్ కస్తూరీ’ పాట వెనక, కస్తూరి తన నాభిలోనే ఉంచుకుని అడవంతా వెతికే జింక మీద కబీర్ చెప్పిన దోహా, రెండు పాదాల పద్యం, ఉంది. ఇంత చదువు పాటలో పెట్టి, విన్నవాడికి ఎక్కడా చదువు తగలకుండా పాడటం తేలిక కాదు.

ఆ రైలు, వంతెన పంక్తులకు వద్దాం. ‘ప్రేమికుడి దయనీయ స్థితి’ అని ఎవరో రాయగా చదివాను. దయనీయమేమీ లేదు. నేను ముప్పై ఏళ్లు వంతెనల మీద నిలబడ్డాను, చెబుతాను వినండి.

పొడుగాటి గర్డరు వంతెనల మీద, అంటే ఇనుప దూలాల వంతెనల మీద, అక్కడక్కడా పక్కకి చిన్న అరుగులాంటిది ఉంటుంది. ట్రాలీ రెఫ్యూజ్ అంటాం. బండి వస్తుంటే ట్రాలీని ఎత్తి అందులో పెట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని నిలబడాలి. బండి కనపడకముందే పట్టా సన్నగా మోగడం మొదలవుతుంది. తర్వాత కాలి కింద ఇనుము మేలుకుంటుంది. ఇంజను మనమున్న స్పాన్‌లోకి, అంటే రెండు స్తంభాల మధ్య భాగంలోకి, అడుగుపెట్టగానే గర్డరు కిందికి కుంగుతుంది. మిల్లీమీటర్ల లెక్క, కంటికి ఆనదు, అరికాలికి తెలుస్తుంది. ఒక చివర బేరింగు కదలకుండా ఉంటుంది, రెండో చివర రోలర్ల మీద కాస్త జరుగుతుంది. గూడ్సు బండైతే ఒక్కో వ్యాగనుకి ఒక్కో అదురు. గార్డు పెట్టె దాటిపోయాక కూడా కొన్ని క్షణాలు ఆ అదురు ఇనుములో ఉండిపోతుంది. బండిలో కూర్చున్నవాళ్లకు ఇదేమీ తెలియదు. చప్పుడు మారిందని కిటికీలోంచి ఒకసారి నీళ్ల వైపు చూస్తారు, అంతే.

వదులైన రివెట్‌ను ఎలా పట్టుకుంటామో తెలుసా? రివెట్ తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తడతాం. గట్టిగా ఉంటే ఏమీ తెలియదు. వదులైతే వేలికి చిన్న జలదరింపు. వేల రివెట్లు అలా వేలితో అడిగినవాణ్ని నేను. దుష్యంత్ కుమార్ ఏ వంతెన కింద నిలబడి ఆ షేర్ రాశాడో గానీ, చూసి రాసినట్టు లేదు, వేలు పెట్టి రాసినట్టుంది. అదరడం వంతెన బలహీనత కాదు. కుంగి, అదిరి, మళ్లీ తన చోటికి తను రావాలనే దాన్ని కడతారు. అందుకే ఆ ప్రేమికుడు నాకు దయనీయంగా కనపడడు. వాడు మోస్తున్నాడు.

దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘థర్‌థరాతా’ దగ్గర అందరూ ‘వణుకుతాను’ అంటారు. మనకు మనిషి చలికి వణుకుతాడు, భయానికి వణుకుతాడు. వంతెన వణకదు, అదురుతుంది. గుండె అదురుతుంది, కన్ను అదురుతుంది, పెదవి అదురుతుంది. ఇనుముకీ మనిషికీ పొత్తు కుదిర్చే మాట తెలుగులో అదే. ‘నువ్వు రైలులా సాగిపోతావు, నేను వంతెనలా అదురుతుంటాను’ అని నా డైరీలో రాసుకున్నాను. పండితులు ఇంకా బాగా చెప్పగలరు, కానీ ‘వణుకు’ మాత్రం వద్దు.

దుష్యంత్ కుమార్ గురించి ఒక్క ముచ్చట. నగరాన్ని ‘శహర్’ అనకూడదు, ‘శహ్ర్’ అనాలి అని ఉర్దూ మిత్రులు తప్పు పట్టారని తన పుస్తకం ముందుమాటలోనే రాశాడు. ఆయనకు ఆ సంగతి తెలియక కాదు. హిందీలో కలిసిపోయిన రూపంలోనే వాడతానన్నాడు. ఉర్దూ సింహాసనం దిగి, హిందీ గద్దె దిగి మామూలు మనిషి దగ్గరకు వస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండదన్నది ఆయన పట్టు. బ్యాండ్లు ఆయన్ను ఎందుకు ఎత్తుకున్నాయో అక్కడే అర్థమవుతుంది.

ఆ 1975లోనే, అక్టోబర్‌లో లండన్‌లో నూన్ మీమ్ రాషిద్ కన్నుమూశారు, డిసెంబర్‌లో దుష్యంత్ కుమార్. రాషిద్ ఉర్దూలో స్వేచ్ఛా ఛందస్సుకు దారి వేసినవాడు. కష్టమైన కవి అని పేరు. 2010లో ‘పీప్లీ లైవ్’ సినిమాలో ఇండియన్ ఓషన్ ఆయన ‘జిందగీ సే డర్తే హో’ పద్యాన్ని పాడింది. బతుకంటే భయమా, బతుకంటే నువ్వూ నేనే కదా అని అడిగే పద్యం అది. అప్పుల్లో మునిగిన రైతు చావు మీద తీసిన సినిమాలో ఆ పద్యం పెట్టాలని ఎవరికి తోచిందో వాళ్లకు దండం పెట్టాలి. పుస్తకంలో కష్టంగా ఉన్న కవి, డప్పు కొట్టినట్టు ప్రశ్న వెంట ప్రశ్న పడుతుంటే నాలాంటివాడికీ అర్థమయ్యాడు. సాహిత్యం తక్కువ అన్న మీ వ్యాసకర్త కనీసం ఈ ఒక్క పాటైనా తీరిగ్గా వినాలని నా విన్నపం.

అన్ని పాటలకూ కవి పేరు కావాలని మొండిపట్టు పట్టడం లేదు. ‘మా రేవా’కి నర్మద లోయ జనమే కవి. దాన్ని జానపదం అనండి, సరిగ్గా సరిపోతుంది. ‘కండీసా’ కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, సిరియాక్ భాషలోది. కండీసా అంటే పరిశుద్ధుడు. దానికీ మనం చెప్పుకోగల ఒక్క కవి పేరంటూ లేదు. వాటిని ఎక్కడివని చెబితే చాలు. కవి ఉండి, నిన్న మొన్నటివరకు మన మధ్య తిరిగి, పుస్తకాలు అచ్చయి ఉన్న పాటను కూడా ఆ గంపలోనే వేసేస్తున్నాం, నా బాధ అది.

దీనికి ఫోన్లు కూడా తోడయ్యాయి. క్యాసెట్ రోజుల్లో లోపల మడత కాగితం ఉండేది. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నా రచన ఎవరిదో తరచుగా దొరికేది. ఇప్పుడు ఫోన్లో పాట పెడితే తెర మీద పాడినవాళ్ల పేరు మెరుస్తూ తిరుగుతుంది, రాసినవాడి కోసం మూడు చుక్కలు నొక్కి, ఇంకేదో నొక్కి వెతుక్కోవాలి. ఒక్కోసారి అక్కడా ఉండదు. తన రచన తనదని చెప్పుకునే హక్కు కవికి ఉందని 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ చదివి మా అబ్బాయి నవ్వాడు. ‘నాన్నా, కవి పోయి ముప్పై ఏళ్లు దాటింది, వచ్చి చెప్పుకుంటాడా?’ అన్నాడు.

నిజమే, రాడు. మా పాత గర్డర్ల మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం పోతపోసిన ఇనుప పలకలు ఉంటాయి. వంతెనకు రంగు వేయించిన ప్రతిసారీ, ఆ అక్షరాల మీద దట్టంగా రంగు పూసి పూడ్చేయొద్దని పనివాళ్లకు మరీ మరీ చెప్పేవాణ్ని. నాకు పై అధికారులు ఎవరూ ఆ పని చెప్పలేదు. ఆ కంపెనీవాళ్లు ఎవరూ వచ్చి చూడరు కూడా. ఒకసారి ఒక కుర్ర పెయింటరు ‘ఎవరి కోసం సార్ ఇది’ అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక ‘ముందు అక్షరాలు తుడువు’ అన్నాను.

నేను కోరేది చిన్నది. వచ్చే ఆదివారం ‘సవరణ’ అనే చోట ఒక్క వాక్యం వేయండి: ‘హిల్లేలే పాట రచన గోరఖ్ పాండే’. వీలైతే ‘పాండే’లో ఏత్వం పోకుండా చూడండి. పోయినసారి మీ పత్రికలో నా ఉత్తరం అచ్చయినప్పుడు ‘గర్డరు’ కాస్తా ‘గార్డెను’ అయింది.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే బ్రిడ్జి ఇన్‌స్పెక్టరు